నిండిన వరస

మా మాబున్ని చేతిలో ఫోను.
మూల పగిలి, అద్దమంతా సాలెగూడు.
దాంట్లో పైనుంచి బండలు పడతాంటాయి.
పొడుగువి, మూలమట్టం మాదిరి వంగినవి,
మెట్టు మాదిరి విరిగినవి.
పాప బొటనవేలు తట్టితే గాల్లోనే తిరుక్కొని
యాడ సందుంటే ఆడ కూలబడతాయి.

"పొద్దంతా నేను బండలతోనే సస్తాండా,
ఇంటికొస్తే నీకూ బండలేనా!"
ఎన్నిసార్లు గుంజుకొని
బియ్యం డబ్బాలో పూడ్చినానో ఆ ఫోను.
తెల్లారేసరికి దాని సందుల్లో నూకలు.

తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో
ఇరవైరెండేండ్లుగా కోత మిషను కాడ నేను.
నీళ్ళు, తెల్లబురద, రంపం అరుపు.
ఎడమ చెవి ఎప్పుడో పని మానుకొనింది.
మా వెనకాల ఒక గుట్ట ఉండాది,
దేవుడు పెట్టింది గాదు, మేం పారేసిన తునకలు.
బండకింత గుట్టకియ్యాల్సిందేరా,
అది సుంకం, అనేవాడు మా నాయన.

ఎండాకాలం సెలవల్లో ఒకనాడు
సంగటి క్యారేజీ తెచ్చిచ్చి, పోకుండా నిలబడింది పాప.
మిషను మీద ఆరడుగుల బండ, ఒక మూల లేచిపోయింది.
దాంట్లోనే వంటింటి గట్టు, రెండు అరలు, ఒక గడప తియ్యాల.
సుద్దముక్కతో గీస్తే గడపకు చోటు మిగల్లే.
ఇంకో బండ ఎత్తుకో పక్కీరప్పా, అనె ఓబులేసు.

"నాయినా, ఆ అర తిప్పు."
"యాడికి తిప్పేది?"
"నిలువుగా. పొట్టిది విరిగిన మూల కాడికి పోతాది,
అప్పుడు దాని పక్కన పొడుగుది పడతాది."
కండ్లు మూసుకోని చెప్తాంది.
బొటనవేలు ఉత్తగాల్లో రెండుసార్లు తట్టింది.

తుడిచి గీసినా.
గడప కూచునింది. ఇంకా రెండేండ్ల సందు మిగిలింది.
రెండేండ్లంటే రెండు వేళ్ళు,
నా బతుకులో మిగలని వెడల్పు.

అయితే నేనూ ఊరకుంటానా,
మగ్గుతో నీళ్ళు చల్లినా బండ మీద.
"సూడమ్మీ, అంతా ఆరిపోతాది,
ఒక్క గీత మాత్రం ఆరదు.
అదే నెర్ర. నీ గడప సరీగా దాని మీదుంది."
పాప వంగి, వేలితో ఆ తడిగీత వెంట పోయింది.
"మా ఆటలో బండలు పగలవు నాయినా."
"ఈడ పగుల్తాయి."
ఇంకోసారి కండ్లు మూసుకునె.
ఈతూరి శానాసేపు.

రేత్రి మిద్దె మీద
నేనే అడిగినా, ఏదీ ఇట్లియ్యి అని.
నా వేలు తగిల్తే ఫోను పలకదు,
రాయి అరగదీసిన తోలు దానికి వేలే గాదంట.
కణుపు మడిచి తట్టమనె పాప.
నాలుగు నిమిషాల్లో నెత్తి దాకా బండలు.

"దీన్ని గెలిచేదెట్లమ్మీ?"
"గెలిచేది లేదు నాయినా. బిరబిర పెరుగుతాంటాది.
ఎంతసేపు నిలబడితే అంత."
నాకు నవ్వొచ్చింది. ఎందుకో చెప్పలే.
"మరి వరస నిండంగానే మాయమైపోతాది, యాల?"
"బాగా కూర్చినావని."

యాడెవరి ఇంట్లోనో నేను కోసిన బండ మీద
ఇప్పుడొక పసిబిడ్డ దోగాడుతాంటాది.
కింద రాయుందని ఎవురు సూస్తారు?

గుట్ట ఏమీ కరగలేదు.
తాత కాలంనాటి గుట్ట, ఎట్ల కరుగుతాది!
కాకపోతే సెలవలన్నీ పాప దాని మీదే,
గళ్ళ నోటుపుస్తకం, ఓబులేసు టేపు పట్టుకోని,
మాకు పనికిరాదన్న తునకలకు
పేర్లు పెడతా, కొలతలు రాస్తా.

ఫోను బియ్యం డబ్బాలోనే ఉంది.
తియ్యమని అడిగేవాళ్ళు లేరు.
నిన్న రేత్రి అందరూ పండుకున్నాక
నేనే తీసి, నూకలు ఊది,
కణుపు మడిచి కూచున్నా.